కొత్త డ్రైవ్ పెట్టగానే పాతది మాయమైందా? హార్డ్ డిస్కులు, డీవీడీ రైటర్ల అమరిక గురించి కాస్త వివరంగా

పాత కంప్యూటర్ స్లో అయిందని కొత్తగా ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయిస్తాం. ఇంటికొచ్చి ఆన్ చేస్తే విండోస్ చకచకా వస్తుంది గానీ డీవీడీ రైటర్ కనిపించదు, లేదంటే ఫొటోలన్నీ ఉన్న పాత హార్డ్ డిస్క్ ఉండదు. ద్వారకానగర్‌లో ఏదో షాపుకి పట్టుకెళ్తే ఐదు నిమిషాలు చూసి "డిస్క్ పోయిందండి, కొత్తది వేసేద్దాం" అనేవాళ్లూ ఉంటారు. నిజంగా పోయినవి లేకపోలేదు. కానీ విశాఖలో మా చుట్టాలు, స్నేహితుల ఇళ్లలో నేను చూసినవాటిలో ఎక్కువ శాతం డిస్కులు బాగానే ఉన్నాయి, కంప్యూటర్‌కి డిస్క్‌కి మధ్య ఎక్కడో ఒక చోట లింకు తెగింది, అంతే. ఆ చోటు ఏదో పట్టుకోవడం మనలాంటి మామూలు వాళ్లకీ సాధ్యమే.

ముందు ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. డిస్క్ "కనబడటం" అనేది ఒకే చోట జరిగే పని కాదు. మొదట దానికి కరెంటు, డేటా వైర్లు సరిగా అందాలి. తర్వాత మదర్‌బోర్డులోని బయోస్, అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్, దాన్ని గుర్తించాలి. ఆ తర్వాత విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అనే చోట అది రావాలి. చిట్టచివర దానికి ఒక అక్షరం, అంటే డి, ఈ, ఎఫ్ లాంటిది, దొరికితేనే మనం రోజూ చూసే దిస్ పీసీలో ప్రత్యక్షమవుతుంది. మనం చివరిది మాత్రమే చూసి డిస్క్ లేదనుకుంటాం. బయోస్‌లో ఉండి విండోస్‌లో లేకపోతే వైర్ల జోలికి పోనక్కర్లేదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉండి అక్షరం లేకపోతే అసలు స్క్రూడ్రైవర్ తీయాల్సిన పనే లేదు. బయోస్‌లోనే లేదంటే అప్పుడు క్యాబినెట్ విప్పాలి.

విప్పే ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. కేబుల్‌తో తగిలించే డ్రైవులు ఇప్పుడు దాదాపు అన్నీ సాటా పద్ధతివే. 2003 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన ఈ పద్ధతిలో ఒక కేబుల్‌కి ఒకే డ్రైవ్, జంపర్ల (పాత డ్రైవుల వెనక పిన్నులకు పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్కల) గొడవ లేదు. ఎల్ ఆకారంలో ఉండే రెండు సాకెట్లు ఉంటాయి, చిన్నది 7 పిన్నుల డేటా, పెద్దది 15 పిన్నుల కరెంటు. కేబుల్ ఎర్రగా ఉందా నల్లగా ఉందా అన్నదానికీ స్పీడుకీ సంబంధం లేదు. సంబంధం ఉన్నదల్లా అది ఎంత గట్టిగా కూర్చుందన్నదే. మొదట్లో వచ్చిన కేబుళ్లకు మెటల్ క్లిప్ ఉండేది కాదు, టవర్‌ని కాస్త జరిపితే చాలు వదులైపోయేవి. అలాంటివి ఉంటే మార్చేయండి, కేబుల్‌కి పెద్ద ఖర్చేం కాదు.

మన ఊళ్లో దీనికి తోడు ఇంకో సమస్య ఉంది. బీచ్ రోడ్డు వెంబడి, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఇళ్లలో కిటికీ దగ్గర కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లకు ఇది బాగా తెలుసు. ఉప్పుగాలికి క్యాబినెట్ స్క్రూలు తుప్పు పడతాయి, కనెక్టర్ల మీద కంటికి కనిపించని పొర పేరుకుంటుంది. దాంతో డిస్క్ ఒకరోజు కనబడుతుంది, ఒకరోజు కనబడదు. కేబుల్ తీసి మళ్లీ రెండు మూడు సార్లు గుచ్చితేనే చాలాసార్లు బాగైపోతుంది, ఎందుకంటే ఆ రాపిడికి పొర తొలగిపోతుంది.

లోపం డిస్క్‌దా కేబుల్‌దా అని తేల్చడానికి ఊహలతో పనిలేదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ప్రతి డ్రైవూ తన ఆరోగ్యం గురించి లోపల రాసుకునే చిట్టాను అది చదివి చూపిస్తుంది. అందులో మూడు వరుసలు చూస్తే చాలు. 05 అంటే పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్ల (డేటా రాసే చిన్న చిన్న గడుల) లెక్క, సీ5 అంటే చదవడం కష్టమై తేల్చకుండా ఉన్నవి, సీ7 అంటే డేటా దారిలో దెబ్బతిని మళ్లీ పంపాల్సి వచ్చిన సందర్భాలు. మొదటి రెండూ సున్నాగా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతోందంటే దాదాపుగా కేబులో కనెక్టరో తప్పు, డిస్క్ కాదు. ఇంకో మాట, సీ7 అంకె కేబుల్ మార్చాక కూడా తగ్గదు, పెరగడం ఆగిపోతుంది, అదే మీకు కావలసిన జవాబు. 05, సీ5 పెరుగుతుంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా ముందు డేటా కాపీ చేసుకోండి.

కరెంటు వైపు ఒక హెచ్చరిక. పాత ఎస్ఎంపీఎస్‌లో, అంటే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టెలో, సాటా వైర్లు చాలకపోతే, పాత నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి సాటాకి మార్చే చిన్న అడాప్టర్ పెడతారు. వీటిలో ప్లాస్టిక్‌ని కరిగించి అచ్చుపోసిన రకం మంచిది కాదు. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన కేసులు ప్రపంచమంతా ఉన్నాయి. వైర్లు విడివిడిగా కనబడే, వెనక మూత ఉన్న రకం తీసుకోండి, లేదా ఎస్ఎంపీఎస్సే మార్చండి.

ఇక సాటాకి ముందున్న పాత ఐడీఈ డిస్కుల సంగతి. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఉక్కునగరం క్వార్టర్స్‌లో, గాజువాకలో, మల్కాపురంలో ఎన్నో ఇళ్ల అటకల మీద పాత పెంటియం సిస్టమ్‌లు ఇంకా ఉన్నాయి. వాటిలో పిల్లల చిన్నప్పటి ఫొటోలున్నాయి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి చెట్లన్నీ కూల్చేయకముందు మన ఊరు ఎలా ఉండేదో ఆ ఫొటోలున్నాయి. వాటిని బయటికి తీయాలంటే ఈ లెక్క తెలియాలి.

ఐడీఈ అంటే వెడల్పాటి పట్టీ కేబుల్, 40 పిన్నులు. ఒక్కో కేబుల్‌కి రెండు డ్రైవులు తగిలించొచ్చు, ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్. ఏది ఏదో చెప్పడానికి డ్రైవ్ వెనక పిన్నుల మీద చిన్న ప్లాస్టిక్ జంపర్ ఉంటుంది, ఎక్కడ పెడితే ఏమవుతుందో డ్రైవ్ లేబుల్ మీదే బొమ్మ ఉంటుంది. రెండూ మాస్టర్ అయితే, లేదా రెండూ స్లేవ్ అయితే, రెండూ గల్లంతు కావచ్చు. కేబుల్ సెలెక్ట్ అని మూడో స్థానం కూడా ఉంటుంది. అప్పుడు కేబుల్ చివర ఉన్నది మాస్టర్, మధ్యలోది స్లేవ్. 80 తీగల కేబుల్ అయితే నీలం కొస బోర్డుకి, నలుపు కొస మాస్టర్‌కి, మధ్యలో బూడిద రంగుది స్లేవ్‌కి. ఒకే డ్రైవ్ ఉంటే చివరి కనెక్టర్‌కే పెట్టాలి, మధ్యలో పెట్టి కొసను గాలికి వదిలేస్తే సిగ్నల్ చెడుతుంది.

వెస్టర్న్ డిజిటల్ పాత ఐడీఈ డిస్కుల్లో ఒక ప్రత్యేకత ఉంది, తెలియకపోతే సాయంత్రమంతా వృథా. వాటికి మాస్టర్ వేరు, ఒంటరి వేరు. పక్కన స్లేవ్ లేకుండా ఒక్కటే ఉన్నప్పుడు జంపర్ తీసేయాలి. మాస్టర్‌లో ఉంచేస్తే అది పక్కన లేని స్లేవ్ కోసం ఎదురుచూస్తుంది, బయోస్ దాన్ని గుర్తించకపోవచ్చు. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కన్వర్టర్‌కి తగిలించినప్పుడు కూడా అంతే. ఆ కన్వర్టర్ కొనేటప్పుడు 3.5 అంగుళాల పెద్ద డిస్క్‌కి 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఇచ్చారో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో వాడే 2.5 అంగుళాలవి యూఎస్‌బీ కరెంటుతో నడుస్తాయి, పెద్దవి నడవవు.

ఒకే ఐడీఈ కేబుల్ మీద హార్డ్ డిస్క్, డీవీడీ రైటర్ రెండూ పెడితే ఏమవుతుందంటే, ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టినట్టు. ఒకటి మాట్లాడుతున్నంతసేపూ రెండోది ఆగాల్సిందే. డిస్క్ నుంచి తీసి రైటర్‌కి అందించే పనిలో ఈ ఆగడం వల్ల రైటర్‌కి డేటా అందక, పాత రైటర్లలో రాస్తున్న డిస్క్ సగంలోనే పాడయ్యేది. తర్వాత వచ్చినవాటిలో ఆగిన చోటు నుంచే మళ్లీ రాసే ఏర్పాటు పెట్టారు. అయినా పాత బోర్డులో హార్డ్ డిస్క్‌ని ఒక కేబుల్‌కి, రైటర్‌ని రెండో కేబుల్‌కి మాస్టర్లుగా పెట్టడమే పద్ధతి. అలా పెట్టినా విండోస్ ఎక్స్‌పీలో రైటింగ్ నత్తనడకగా ఉండి, మౌస్ కూడా కదలకపోతుంటే డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానెల్ పీఐఓ అనే నిదానమైన మోడ్‌కి పడిపోయిందేమో చూడండి. కొన్ని ఎర్రర్లు రాగానే ఎక్స్‌పీ తనంతట తానే స్పీడు తగ్గించేసి మళ్లీ పెంచదు. ఆ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ డీఎంఏ అనే వేగమైన మోడ్‌కి వస్తుంది.

కొత్త బోర్డుల్లో ఈ తలనొప్పులు లేవు, వేరేవి ఉన్నాయి. ఎం.2 స్లాట్‌లో, అంటే కేబుల్ లేకుండా నేరుగా బోర్డులోనే గుచ్చే సన్నటి స్లాట్‌లో, ఎస్ఎస్‌డీ పెట్టగానే హార్డ్ డిస్కో రైటరో మాయమైతే కారణం చాలాసార్లు ఇదే: చాలా బోర్డుల్లో ఎం.2 స్లాటూ ఒకటో రెండో సాటా పోర్టులూ ఒకే లైన్లను పంచుకుంటాయి, స్లాట్ నిండితే ఆ పోర్టులు పనిచేయవు. ఏ పోర్టులన్నది బోర్డు మాన్యువల్లో ఉంటుంది. కేబుల్‌ని పక్క పోర్టుకి మారిస్తే తీరిపోతుంది. ఎం.2లో కూడా సాటా రకం, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం అని రెండున్నాయి, ఆకారం ఒకటే కదా అని కొనేయకండి, స్లాట్ దేనికి ఒప్పుకుంటుందో ముందు చూడండి.

ఏ డ్రైవ్‌ని ఏ పోర్టుకి పెట్టాలంటే, సెకనుకి 6 గిగాబిట్ల పోర్టు సాటా ఎస్ఎస్‌డీకి ఇవ్వండి. హార్డ్ డిస్క్‌కి 3 గిగాబిట్లది సరిపోతుంది. డీవీడీ రైటర్ 16 రెట్ల వేగంలో కూడా సెకనుకి 22 ఎంబీ దాటదు, దానికి ఏదైనా ఎక్కువే. కాకపోతే రైటర్‌ని ఇంటెల్, ఏఎండీ చిప్‌సెట్ సొంత పోర్టుకే తగిలించండి. బోర్డు మీద అదనంగా వేరే కంపెనీ చిప్‌తో ఇచ్చిన పోర్టుల్లో రైటర్లు మొండికేయడం మామూలే.

బయోస్‌లో సాటా మోడ్ అని ఉంటుంది, ఐడీఈ (పాత పద్ధతి), ఏహెచ్‌సీఐ (సాటా కోసం వచ్చిన కొత్త పద్ధతి), రైడ్ (రెండు మూడు డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) అని మూడు రకాలు. ఇప్పటి విండోస్‌కి ఏహెచ్‌సీఐ ఉండాలి. చిక్కేంటంటే విండోస్ ఏ మోడ్‌లో వేశారో ఆ మోడ్‌కి అలవాటు పడుతుంది, తర్వాత మారిస్తే బ్లూ స్క్రీన్, 7బి అని చివర ఉన్న ఎర్రర్. మోడ్‌ని ఎవరూ మార్చలేదు కదా అనిపిస్తుంది. మార్చేది బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ.

సీతమ్మధారలో ఉండే మా బాబాయి ఒక ఆదివారం ఫోన్ చేశాడు. "ఒరే, రాత్రి కరెంటు పోయొచ్చింది, అప్పట్నుంచి బ్లూ స్క్రీనేరా, హార్డ్ డిస్క్ కొట్టేసినట్టుంది" అని టెన్షన్ పడుతున్నాడు. "బాబాయ్, ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ ఉండు, బయోస్ వస్తుంది, అందులో తేదీ ఎంతుందో చెప్పు" అన్నాను. "2009 జనవరి ఒకటి అనుందిరా, ఇదేంటి?" అన్నాడు. అంతే, సంగతి తెలిసిపోయింది. బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోగానే బయోస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టు అయిపోయాయి, ఏహెచ్‌సీఐ కాస్తా ఐడీఈ అయింది. తిరిగి ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేయగానే విండోస్ వచ్చింది. డాబాగార్డెన్స్‌లో బ్యాటరీ కొని వేయించుకున్నాడు. కరెంటు పోయొచ్చాక డిస్క్ పోయిందనిపిస్తే ముందు తేదీ చూడండి.

కావాలనే ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారాలనుకుంటే విండోస్ 10లో దారి ఉంది. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేసి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి పైకి రానిచ్చి, టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉన్న సిస్టమ్ అయితే బయోస్‌లో చేయి పెట్టే ముందు 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసి పెట్టుకోండి. అది అడిగినప్పుడు లేదంటే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. రైడ్‌లో ఉన్నవాటిని, ఎందుకు ఉందో తెలిసే వరకు, ముట్టుకోవద్దు.

ఇప్పుడు నాకు బాగా బాధ కలిగించే విషయం. కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకకుండా వేసేస్తారు. ఇన్‌స్టాలర్ ఏం చేస్తుందంటే, స్టార్టింగ్ ఫైళ్లుండే పార్టిషన్, అంటే డిస్క్‌లో విడదీసిన భాగం, పాత డిస్క్ మీద అప్పటికే ఉంది కదా అని ఆ ఫైళ్లను అక్కడే పెట్టేసి, విండోస్‌ని మాత్రం ఎస్ఎస్‌డీ మీద పెడుతుంది. అంతా బాగున్నట్టే ఉంటుంది. ఏడాది తర్వాత పాత డిస్క్ చెడిపోయినా, మీరే తీసేసినా, బంగారంలాంటి ఎస్ఎస్‌డీ ఉండి కూడా కంప్యూటర్ లేవదు. మీ సిస్టమ్‌లో ఇలా జరిగిందో లేదో ఇప్పుడే చూడొచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. బూట్ అని రాసి ఉన్నది విండోస్ ఉన్న పార్టిషన్. సిస్టమ్ అని రాసి ఉన్నది స్టార్టింగ్ ఫైళ్లున్న పార్టిషన్. రెండూ ఒకే డిస్క్ వరుసలో ఉంటే నిశ్చింతగా ఉండండి. వేర్వేరు డిస్కుల మీద ఉంటే తెలిసినవాళ్లతో బీసీడీబూట్ ఆదేశం వాడి సరిచేయించుకోండి, పాత డిస్క్ పోయేదాకా ఆగకండి. విండోస్ కొత్తగా వేయించేటప్పుడు "మిగతా డ్రైవుల కేబుళ్లు పీకేసి వేయండి" అని షాపులో గట్టిగా చెప్పండి, వాళ్లేమీ అనుకోరు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. కొత్త డిస్క్ పెట్టగానే ఇనిషియలైజ్ చేయమని (వాడకానికి సిద్ధం చేయమని), పార్టిషన్ల లెక్క రాసుకునే రెండు పద్ధతుల్లో ఎంబీఆర్ కావాలా జీపీటీ కావాలా అని అడుగుతుంది. ఎంబీఆర్ పాతది, 2 టీబీ దాటిన చోటుని వాడుకోలేదు, ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. యూఈఎఫ్ఐ (బయోస్‌కి కొత్త రూపం) ఉన్న సిస్టమ్ అయితే జీపీటీయే ఎంచుకోండి, పాత ఎక్స్‌పీ మెషీన్లో వాడే డిస్క్‌కైతేనే ఎంబీఆర్. ఎక్స్‌పీ అయితే సర్వీస్ ప్యాక్ 1 కూడా ఉండాలి, లేకుంటే ఎంత పెద్ద డిస్క్ పెట్టినా 137 జీబీ దగ్గరే ఆగిపోతుంది. కానీ ఇదే ఇనిషియలైజ్ ప్రశ్న, లేదా ఫార్మాట్ చేయమనే ప్రశ్న, డేటా ఉన్న పాత డిస్క్ తగిలించినప్పుడు వస్తే క్యాన్సిల్ నొక్కండి. అప్పుడు ఓకే నొక్కడం వల్ల పోయిన ఫొటోలు చాలా ఉన్నాయి. ఇక 1 టీబీ కొంటే 931 జీబీ చూపిస్తోందేమిటని షాపువాళ్లతో గొడవపడక్కర్లేదు, కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. 4.7 జీబీ డీవీడీ 4.37గా కనబడటానికీ అదే కారణం.

రైటర్ విషయానికొస్తే, బయోస్‌లో కనబడి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఉండి, దిస్ పీసీలో లేకపోతే రైటర్ చెడిపోయిందని పారేయకండి. ఏదో రైటింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే రెండు ఎంట్రీలు అనాథలుగా మిగిలిపోతాయి. డీవీడీ డ్రైవుల విభాగంలో వాటిని తొలగించి రీస్టార్ట్ చేస్తే తిరిగొస్తుంది, మైక్రోసాఫ్ట్ చెప్పే వైద్యం కూడా ఇదే.

రాసేటప్పుడు 16 రెట్ల వేగం అని డిస్క్ మీద ఉన్నా 8లో రాయండి. తేడా కొద్ది నిమిషాలే, నమ్మకం మాత్రం ఎక్కువ. రాశాక వెరిఫై, అంటే రాసింది సరిగా పడిందో లేదో సరిచూడటం, తప్పనిసరి. పాత టీవీ ప్లేయర్లలో వేయాలంటే డీవీడీ మైనస్ ఆర్ తీసుకుని, చివర్లో ఫైనలైజ్ చేయాలి (ఇంకేం రాయకుండా డిస్క్‌ని ముగించేయాలి), లేకుంటే కంప్యూటర్‌లో ఆడి ప్లేయర్‌లో ఆడదు.

ఇప్పుడు చాలామందికి రైటర్ అవసరం రాయడానికి కాదు, పెళ్లి డీవీడీలు చదవడానికి. మనం ఇంట్లో రాసుకునే డిస్కుల్లో డేటా ఉండేది ఒక రంగు పొరలో, వేడికి, వెలుతురుకి, మన ఊరి తేమకి అది ఏళ్ల తరబడి నిలవదు. అందుకే ఆ డిస్కులన్నీ హార్డ్ డిస్క్ మీదికి తెచ్చేయండి. లోపల వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో ఒక్కోటీ 1 జీబీ మించని వీఓబీ ఫైళ్లు ఉంటాయి. వాటిని విడివిడిగా కాకుండా డిస్క్ మొత్తాన్నీ ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీసుకుంటే మెనూతో సహా భద్రంగా ఉంటుంది. ఇమ్జ్‌బర్న్ ఉచితమే, ఆ పని బాగా చేస్తుంది. ఆ ఫైల్ 4 జీబీ దాటొచ్చు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేయాలంటే ఫ్యాట్32 పనికిరాదు, ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్ఎస్‌గానో ఫార్మాట్ చేసుకోవాలి. డిస్క్ మధ్యలో ఆగిపోతే మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. అప్పటికీ చదవకపోతే చదివే వేగం తగ్గించి చూడండి, తర్వాత స్నేహితుడి ఇంట్లో ఉన్న వేరే కంపెనీ రైటర్‌లో వేయండి. ఒక డ్రైవ్ పూర్తిగా వదిలేసిన డిస్క్‌ని ఇంకో డ్రైవ్ మొదటి నుంచి చివరిదాకా చదివేయడం చాలాసార్లు జరిగేదే.